హుసేనప్ప తాత కోసం వనపర్తి దాకా, జవాబు కోసం నాగర్‌కర్నూల్ దాకా

గద్వాల నుంచి నాగర్‌కర్నూల్ పోవడానికి ఎవరికీ మూడు రోజులు పట్టదు. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం అన్నం వేళకు అక్కడుంటారు. నాకూ మా అత్తకూ మాత్రం మూడు రోజులు పట్టింది. ఎందుకు పట్టిందో చెప్తాను. అటువైపు పోనివాళ్ళకు దారి చూసినట్టూ ఉంటుంది.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి, లేకపోతే ఏమీ అర్థం కాదు. నేను పదో తరగతి దాకా చదివాను. గద్వాలలో చీరల షాపులో పని. వచ్చినవాళ్ళకు చీరలు విప్పి చూపించాలి, వాళ్ళు పోయాక మళ్ళీ మడత పెట్టాలి. మా అన్న నర్సింలు అదే చీరలు మగ్గం మీద నేస్తాడు. అన్నకు స్కిజోఫ్రీనియా అనే జబ్బు ఉంది. ఇరవై ఏళ్ళ వయసులో ఎవరూ లేని చోట నుంచి మాటలు వినబడడం మొదలైంది. ఇప్పుడు రోజూ గోలీలు వేసుకుంటాడు, తన పని తాను చేసుకుంటాడు, నా కన్నా నెమ్మదైనవాడు.

నేను మేనత్త కొడుకు శ్రీనును చేసుకున్నాను. ఆ పెళ్ళి వద్దని ఒక్క అన్నే కొట్లాడాడు. "ఒకే రక్తం మళ్ళ కలుపుతున్నరు. నా అసొంటోడు పుడితె ఆ పాపం నా మీదేస్కొని నేను బతకలేను" అన్నాడు. ఎవరూ వినలేదు. ఇప్పుడు నాకు మూడో నెల. శ్రీనుకు చెప్పాను, అత్తకు చెప్పాను, అన్నకు చెప్పలేదు. చెప్పేముందు చేతిలో ఒక జవాబు ఉండాలనుకున్నాను. పుట్టబోయే బిడ్డకు ఆ జబ్బు వస్తుందా, రాదా? అంతే.

అన్నను చూసే డాక్టరమ్మను అడిగితే ఒక కాగితం చేతిలో పెట్టింది. ఎనిమిదేళ్ళ కింద మా అమ్మ చెప్తుంటే ఆమే గీసిన కాగితం. మగవాళ్ళకు డబ్బాలు, ఆడవాళ్ళకు సున్నాలు, జబ్బు ఉన్నవాళ్ళ డబ్బా నల్లగా నింపి ఉంది. రెండే నల్లవి. ఒకటి అన్న. రెండోది వనపర్తి హుసేనప్ప తాత, అమ్మకు చిన్నాయన. ఆయనకు నిజంగా ఏమైందో, ఏ వయసులో అయిందో తెలుసుకుని రమ్మంది డాక్టరమ్మ. సోమవారం నాగర్‌కర్నూల్‌లో కూర్చుంటాను, అక్కడికి రా అంది. అమ్మ పోయి మూడేళ్ళయింది. అమ్మకు తోబుట్టువులు లేరు. నాన్నను అడిగితే, "పెండ్లిల ఒక్కపారి సూసిన. తలపాగ కట్టుకొనుండె. గంతే తెల్సు" అన్నాడు.

శ్రీను సీడు పత్తి చేలల్లో మగ పువ్వు పుప్పొడి ఆడ పువ్వుకు అంటించే క్రాసింగ్ పనికి పోతున్నాడు, రాలేనన్నాడు. "పత్తికి మగ పువ్వు ఏది, ఆడ పువ్వు ఏది, అంతా కంపెనోడు రాసిస్తడు. మనకెవలు రాసిస్తరే?" అని నవ్వాడు. అత్త మాత్రం సంచి సర్దుకుంది. "మా దిక్కు ఎవలికీ లేదు. అది మీ అమ్మ దిక్కుకెల్లే వచ్చింది. నేనొస్త, నా చెవుల్తోని వింట" అంది.

శనివారం, పెబ్బేరు

బస్సులో ఆడవాళ్ళకు జీరో టికెట్టు. అత్త కిటికీ సీటు పట్టి, డబ్బులిచ్చి నిలబడ్డ మగవాళ్ళను ఒక్కొక్కరినే ఎగాదిగా చూసింది. వనపర్తి బస్సు కోసం పెబ్బేరులో దిగాం. శనివారం అక్కడ పశువుల సంత. ఎద్దులు, మేకలు, పలుపుతాళ్ళు, గంటలు, దుమ్ము. పది అడుగులు వేశానో లేదో నా చెప్పు పేడలో దిగబడి ఊడింది. పట్టీ తెగింది. అక్కడే నూట ఇరవై పెట్టి రబ్బరు చెప్పులు కొన్నాను. అవి కూడా ఒకటి ఎనిమిది నంబరు, ఒకటి ఏడు. ఆ సంగతి బస్సెక్కాక తెలిసింది.

మిరపకాయ బజ్జీలు ప్లేటు ముప్పై. తింటూ కాగితం తీశాను. నూనె చెయ్యి తగిలి ఒక సున్నా మీద మరక పడింది.

"గది ఎవలే, గట్ల మెరుస్తున్నది?" అంది అత్త.

"నువ్వే అత్తా."

"నేనా? నేనింత గుండ్రంగున్ననా?"

మా పక్కనే ఇద్దరు బేరం చేస్తున్నారు. నోటితో కాదు. చేతుల మీద తువ్వాలు కప్పుకుని, కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని. పక్కవాడికి ధర తెలియకూడదట. మా షాపులో అయితే ధర అందరికీ వినపడేటట్టు అరిచి చెప్పి, తర్వాత చెవిలో తగ్గిస్తాం. ఆ బేరం తెగాక అందులో ముసలాయన బీడీ ముట్టించాడు. నాకు నోరు ఊరుకోదు గదా.

"తాతా, తల్లి పొడిచేదైతె దూడ గూడ పొడుస్తదా?"

"పొడుస్తది." రెండు దమ్ములు లాగాడు. "పొడ్వకపోవచ్చు గూడ."

"అదేంది?"

"నా కొట్టంల ఒక్క ఆవుకే రెండు కోడెలు పుట్టినయి. ఒగటి పిల్లలు తోక గుంజినా ఊకుంటుండె. ఇంకొగటి, ఇగో సూడు." పంచె పైకి లాగి మోకాలి మీద మచ్చ చూపించాడు.

"మరి కొనేటప్పుడు ఏం సూస్తరు?"

"పండ్లు సూస్త. సుడులు సూస్త. నడిపిచ్చి సూస్త. దొరికితె తల్లిని సూస్త. అన్ని సూసి కొన్నంక గూడ పరేషానే."

అత్తకు విసుగొచ్చింది. "గా పిల్ల అడిగేది మనుషుల సంగతి, ఎడ్ల సంగతి గాదు" అంది.

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. "మనుషులకు సుడి యాడుంటదో నాకు తెల్వదమ్మా" అన్నాడు.

వనపర్తి

అమ్మ చెప్పిన గుర్తులు పాత బజారు, గాజుల దుకాణాలు. చాయ్ కొట్టులో అడిగితే, "హుసేనప్ప ఇల్లా? గాజుల రహీమమ్మ వాళ్ళ నాయినే గద" అని దారి చూపించాడు. నేను ఆ మాట పట్టించుకోలేదు. రహీమమ్మ అనేది కూడా మొక్కు పేరే అనుకున్నాను. దానికి కారణం ఉంది. మా గద్వాల దిక్కున హుసేనప్ప, మౌలాలి, లాలప్ప అని హిందువుల పేర్లు బోలెడు. పిల్లలు పుట్టక పీర్లకు మొక్కుకుంటే, పుట్టినవాడికి ఆ పేరే పెడతారు. మా పక్కింటి మౌలాలి రోజూ నుదుట విభూతి పెట్టుకునే బయటికి వస్తాడు. అందుకే మా తాత తమ్ముడి పేరు హుసేనప్ప అంటే నాకు గానీ, నాన్నకు గానీ ఎన్నడూ ఏమీ అనిపించలేదు.

గాజుల దుకాణం వెనకే ఇల్లు. గుమ్మం మీద పచ్చ రంగులో అరబ్బీ రాత. లోపల గోడ మీద మక్కా ఫోటో. యాభై దాటిన ఒకామె తల మీద కొంగు సర్దుకుంటూ వచ్చింది.

"హుసేనప్ప తాత ఇల్లు..." అన్నాను.

"గిదే. మా అబ్బా పోయి పన్నెండేండ్లయె. నువ్వెవలు బిడ్డ?"

"గద్వాల లక్ష్మమ్మ బిడ్డను. పద్మను. ఈమె మా మేనత్త."

ఆమె నా రెండు చెంపలూ పట్టుకుంది. "లక్ష్మక్క బిడ్డవా! గామె ముక్కే! నేను నీకు చిన్నమ్మనైత." అత్త వైపు తిరిగి, "లక్ష్మక్క ఆడిబిడ్డనా? గయితే నాకు గూడ వదినవే. కూసో వదినా" అంది. అత్త కూర్చుంది కానీ సంచి ఒళ్ళోనుంచి దించలేదు.

చాయ్ తాగుతుంటే సంగతంతా బయటపడింది. మా అమ్మ తండ్రి సైకిల్ మీద ఊర్లు తిరిగి చీరలమ్మేవాడు. హుసేనప్ప గాజులమ్మేవాడు. తల్లీ తండ్రీ లేని మనిషి. ఒక వానకాలం జ్వరం వస్తే మా తాత ఇంటికి తెచ్చి పడుకోబెట్టాడు. పెళ్ళయ్యేదాకా ఆ ఇంట్లోనే ఉన్నాడు. మా తాతను అన్న అన్నాడు, మా అమ్మ ఆయనను చిన్నాయన అంది. డాక్టరమ్మ 'మీ వాళ్ళలో ఇంకెవరికైనా ఉందా' అని అడిగితే అమ్మకు మొట్టమొదట ఆయనే గుర్తొచ్చాడు. ఆమెకు ఆయన 'మీ వాళ్ళు' ఎట్లా కాకుండా పోతాడు?

"గయితే రక్తం..." అన్నాను.

"రక్తం యాడిది బిడ్డ? మేం తురకోళ్ళం" అని నవ్వింది.

నాకు ఒక్కసారిగా ప్రాణం తేలికైంది. సంచిలోనుంచి పెన్సిలు తీసి, కాగితం మోకాలి మీద పెట్టి, ఆ నల్ల డబ్బాను కొట్టెయ్యబోయాను. చిన్నమ్మ నవ్వు ఆగింది.

"ఏం కొట్టేస్తున్నవ్?"

చెప్పాను. అన్న జబ్బు, నా కడుపు, డబ్బాలు, సున్నాలు, అన్నీ గడగడా చెప్పేశాను. రక్తం కలిసినవాళ్ళే ఉండాలట చిన్నమ్మా అన్నాను. ఆమె కాగితం తీసుకుని ఆ డబ్బా మీద వేలు పెట్టింది.

"గిది లక్ష్మక్క రాపిచ్చిందా?"

"అవును."

తర్వాత వాళ్ళ నాన్న సంగతి తనే చెప్పింది. ఇరవై రెండేళ్ళప్పుడు మొదలైందట. గాజుల మూట నెత్తిన పెట్టుకుని పోతూ దారిలో ఎవరికో జవాబిచ్చేవాడు. గాజులు తన మీద చాడీలు చెప్తున్నాయని ఒకసారి అన్నీ పగలగొట్టాడు. మా తాత పక్కన కూర్చుని పెంకులు ఏరాడట. చెప్తూ చెప్తూ ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుంది.

"పద్మా, గయితే గిది రక్తంల వస్తదా? నాకు ముగ్గురు పిల్లలు. ఐదుగురు మన్మలు. గిన్నేండ్లల్ల గీ మాట నాకెవ్వరు చెప్పలే."

నా భయం దింపుకోవడానికి వచ్చి, తీసుకొచ్చి ఆమె గడప లోపల పెట్టాను. ఆమె నాయన డబ్బా నా కాగితంలో ఉంటే నాకు భయం, కొట్టేస్తే అది ఆమె ఇంటి రక్తమై ఆమెకు భయం. పెన్సిలు సంచిలో వేసేశాను. "డాక్టరమ్మను నీ గురించి గూడ అడుగుత చిన్నమ్మా" అన్నాను.

అప్పటికే చీకటి పడుతోంది, పోనియ్యలేదు. బగారన్నం, మాంసం వేసిన దాల్చా పప్పు చేసింది. అత్త శనివారం మాంసం ముట్టదు. చిన్నమ్మ అడగకుండానే ఉత్త పప్పు వేరే గిన్నెలో తీసి పెట్టింది. మా ఇంట్లో అయితే ముందు మగవాళ్ళకు పెట్టి మేం తర్వాత తింటాం. అక్కడ అందరం నేల మీద పరిచిన ఒకే దస్తర్‌ఖాన్ గుడ్డ చుట్టూ కూర్చున్నాం. అత్త రెండుసార్లు అన్నం పెట్టించుకుంది. పొద్దున మేం బయల్దేరుతుంటే చిన్నమ్మ నా చేతులకు డజను గాజులు తొడిగి, "జర యాది పెట్టుకొని అడుగు" అంది.

ఆదివారం, నాగర్‌కర్నూల్

బస్సు బిజినేపల్లి దాటేదాకా అత్త నోరు విప్పలేదు. ఆమె అట్లా ఉండడం నేను ఎన్నడూ చూడలేదు. నాకే ఆలస్యంగా వెలిగింది. హుసేనప్ప తాత కాగితంలోనుంచి పోతే అమ్మ దిక్కు ఖాళీ. ఇక మిగిలింది నాన్న దిక్కు. నాన్న దిక్కు అంటే అత్త దిక్కు. అత్త దిక్కు అంటే శ్రీను. నా బిడ్డకు రెండు పక్కల నుంచీ అదే దిక్కు. వనపర్తిలో తేలికైన ప్రాణం బిజినేపల్లిలో మళ్ళీ బరువెక్కింది.

"మా దిక్కు ఎవలికీ లేదు" అంది అత్త చివరికి, కిటికీలోకి చూస్తూ. "బాలమ్మత్తకు అన్ని ఎరుకే. ఆమెనే అడుగు."

బాలమ్మ అవ్వ అత్తకూ నాన్నకూ మేనత్త. నాగర్‌కర్నూల్ పక్క ఊళ్ళో ఉంటుంది. తొంభై దాకా ఉంటుంది, చెవులు బాగా వినిపిస్తాయి, పళ్ళే లేవు. మేం పోయేసరికి జొన్న రొట్టెను పుంటికూర పులుసులో నానబెట్టుకుని తింటోంది. మాకూ పెట్టారు. మా దిక్కు రొట్టె పల్చగా, పక్కన పల్లీల పొడి ఉంటుంది. ఇక్కడ రొట్టె మందం, పులుపు ఎక్కువ. నా కడుపుకు ఆ పులుపు అమృతంలా ఉంది. మూడు తిన్నాను. నేను తినే తీరు చూసి అవ్వే అడిగింది.

"ఎన్నో నెలనే?"

అట్లా మొదలైంది. మా వాళ్ళల్లో ఎవరికైనా నర్సింలన్న లాగా అయిందా అవ్వా అన్నాను.

"నాకు దేవుడొస్తుండె వయసుల. బోనాలప్పుడు ఊగుతుంటి. గది లెక్కకొస్తదా?"

"మల్ల దిగినంక ఎట్లుంటుండె?"

"ఆకలైతుండె."

అత్త నవ్వింది, వనపర్తి దాటాక మొదటిసారి. "నేన్ జెప్పలే? ఎవలికీ లేదు" అంది.

అవ్వ చెయ్యి కడుక్కుంది. "కుర్మయ్య ఉండె గద" అంది.

కుర్మయ్య అవ్వకు తమ్ముడు, అత్తకు సొంత చిన్నాయన. నాకు చిన్న తాత వరస. బొంబాయి కూలి పనికి పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడని మా ఇంట్లో చెప్తారు. అత్తకు చిన్నప్పుడు జాతరలో రిబ్బన్లు కొనిపెట్టాడట, ఆ మాట వందసార్లు విన్నాను.

"చిన్నాయన బొంబాయిల ఉండె గద అత్తా?" అంది అత్త.

"బొంబాయి గింబాయి ఏం లేదు. ఎవల్తోనో మాట్లాడుకుంట, మాట్లాడుకుంట, తూర్పు దిక్కు నడిసిండు. నేను ఎన్క ఉరికిన. 'పిలుస్తున్నరక్కా' అన్నడు. మల్ల రాలే. గప్పుడు ఊరంత బొంబాయి పోతుండె. మేం గూడ గదే జెప్పినం."

"నాకెందుకు జెప్పలే?"

"నీకు సంబంధాలు సూస్తుండ్రి."

అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. ముప్పై ఐదేళ్ళు బతికే ఉన్నాడనుకున్న మనిషి. ఆ క్షణం నాకు నా కడుపు గుర్తులేదు, అత్త వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను. కొంతసేపటికి అవ్వే మళ్ళీ అంది.

"గని వానికి పిచ్చి లేకుండె పిల్ల. గా యేడు కరువు. మూడు దినాలకు ఒక్కపారి జొన్న గట్క తాగుతుంటిమి. ఆకలికి మనిషి గట్లనే మాట్లాడుతడు. నేను గూడ మాట్లాడిన."

"గయితే జబ్బా, ఆకలా అవ్వా?"

"నాకేం ఎరుక? పోయినోడు వస్తె అడుగుదుము."

సోమవారం, దవాఖాన

డాక్టరమ్మ ముందు వరసలో మేం ముప్పయ్యో వాళ్ళం. లోపలికి పోయాక నా కాగితం చూసి, నూనె మరక చూసి, నవ్వింది. నేను మూడు రోజుల కథంతా చెప్పాను. ఆమె హుసేనప్ప తాత డబ్బాను మా కాగితంలోనుంచి కొట్టేసింది. నాన్న దిక్కున కొత్త డబ్బా గీసి, నింపకుండా, లోపల ప్రశ్న గుర్తు పెట్టింది.

"అంటే పెరిగిందా మేడమ్, తగ్గిందా?"

"చెప్పలేను పద్మా."

"రక్తం చూసి చెప్పరా? అన్న రక్తం, నాన్న రక్తం తీసుకున్నరు గదా. మిషన్ల పెట్టి అన్న తల ఫోటో గూడ తీసిండ్రు."

ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది. "రక్తం చూసి లెక్క కట్టే పద్ధతి ఒకటి ఉంది. కానీ ఆ లెక్క ఎక్కువగా యూరప్ మూలాలున్న వాళ్ళ రక్తం చూసి తయారైంది. మన వాళ్ళకు పెడితే సరిగ్గా కుదరదు. మనలో కూడా ఎన్నో తరాలుగా ఎవరిలో వాళ్ళే పెళ్ళిళ్ళు చేసుకుంటూ వచ్చారు. అందుకే ఇక్కడి ఇళ్ళల్లో రక్తం తీసుకుంటున్నాం. ఇంకా చాలా పని ఉంది."

"ఎవరి కొలతకో కుట్టిన జాకెట్టు నాకు తొడిగినట్టా?"

"అట్లాగే. పట్టినట్టు కనిపిస్తుంది, చంకల్లో పిగిలిపోతుంది."

"మరి తల ఫోటో?"

"ఒక జాతివాళ్ళ మెదళ్ళకూ ఇంకో జాతివాళ్ళ మెదళ్ళకూ మధ్య తేడాలున్నాయని రాస్తుంటారు. ఆ తేడా పుట్టుకతోనా, చిన్నప్పటి తిండితోనా, పడ్డ కష్టంతోనా, ఫోటో తీసిన మిషనుతోనా? విడదీయడం చాలా కష్టం. ఒక్క ఫోటో చూసి ఈ మనిషికి ఈ జబ్బు వస్తుందని నేను చెప్పను."

అత్త అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడి ఉంది. "గది మా రక్తమా డాక్టరమ్మా, వాళ్ళమ్మ రక్తమా? గదొక్కటి చెప్పు" అంది.

"ఇద్దరిదీ అయి ఉండొచ్చమ్మా. రక్తమొక్కటే కూడా కాదు. ఎవరి తప్పూ లేదు ఇందులో."

ఎవరి తప్పూ లేదంటే అత్తకు ఊరట కావాలి గదా? ఆమె ముఖం ఇంకా చిన్నబోయింది. తప్పు ఎవరిదో తెలిస్తే పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. నాకూ అట్లాగే అనిపించింది.

మేనరికం గురించి అడిగాను. ఇంట్లో జబ్బు ఉండి, రెండు పక్కలా ఒకటే కుటుంబమైతే ఇంకొంచెం జాగ్రత్తగా చూసుకోవాలంది. అయినా ఇట్లాంటి ఇళ్ళల్లో పుట్టిన పిల్లల్లో ఎక్కువమందికి ఈ జబ్బు రాదంది. రహీమా చిన్నమ్మ గురించీ అడిగాను. ఆమెకూ అదే మాట చెప్పమంది, భయపడకుండా ఒకసారి వచ్చి కలవమంది. బయటికి వచ్చి చిన్నమ్మకు ఫోను చేస్తే, "ఎక్కువమందికంటె ఐదుగురిల ఎందరు బిడ్డా?" అంది. నా దగ్గర ఉన్న ప్రశ్నే ఆమె దగ్గరా ఉంది.

మళ్ళీ గద్వాల

ఇంటికి వచ్చేసరికి సాయంత్రం. అన్న మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తున్నాడు. చేతిలో జవాబు లేదు, చెప్పకుండా ఉండడానికి సాకూ లేదు. పక్కన కూర్చున్నాను.

"మూడొద్దులు యాడికి పోతిరి అత్తకోడండ్లు?"

"నాకు మూడో నెల అన్నా."

అటూ ఇటూ పోగు మోసే నాడె ఆగింది. ఆయన నా వైపు తిరగలేదు.

"డాక్టరమ్మ తాన్నించి వస్తున్నవా?"

"ఊఁ."

"ఏమన్నది?"

"తెల్వదన్నది. ఎవలికీ తెల్వదంట."

'ఆ పాపం నా మీదేస్తివి, నేను ముందే చెప్పలేదా' అంటాడని తల దించుకుని కూర్చున్నాను. మగ్గం మీద ఎర్ర అంచు సగం దాకా వచ్చి ఉంది.

"నాకు మొదలైనప్పుడు రెండేండ్లు మీకెవలికి తెల్వలే" అన్నాడు. "నాకే తెల్వలే. పక్కింట్ల టీవీ అనుకుంటి. తాయెత్తులు కట్టిండ్రు, గుండు కొట్టిచ్చిండ్రు. గోలీలు మొదలువెట్టేసరికి అన్ని పాడైనయి."

"అన్నా..."

"ఇను. నీ బిడ్డ నా తాన్నే ఆడాలె. ఎవలు లేని దిక్కు తల తిప్పితె మీకు కనపడదు. నాకు కనపడతది. గా తిప్పుడు నాకు ఎరుక." ఇప్పుడు నా వైపు చూశాడు. "రాకుంటె మస్తు మంచిది. వస్తె మాత్రం, ఒక్కదినం గూడ నన్ను దాటిపోదు."